చెవిలో చెప్పవలసిన మాట

హనుమకొండ,
జూన్ 12

సారంగపాణి కాకాకు,

ఈ కవరు చూడగానే నువ్వేం అనుకుంటావో నాకు తెలుసు. పని పడితే గాని ఈ పిల్లకు కాక యాదికి రాడని. ఒప్పుకుంటున్నాను. దసరాకు వస్తానని రాలేదు. ఉగాదికి బయలుదేరే వేళకు ఒక కుక్క రబ్బరు బంతి మింగి వచ్చింది, కడుపు కోసి తీసేసరికి సాయంత్రమైంది. గొంతు ఆపరేషన్‌తో నీ మాట పోయింది కాబట్టి ఫోన్లో తిట్లు తప్పాయి గాని, ఆ తిట్లు లేక నాకేమీ తోచడం లేదు. సెల్లులో రాసి పంపమంటే "అగ్గిపెట్టెంత దాంట్ల నా రాత పట్టది" అని పలక మీద రాసి చూపించావు. ఆ రోజే మనిద్దరికీ పోస్టాఫీసే గతి అని తేలిపోయింది.

ఇక పని. వరంగల్‌లో స్టీలు సామాన్ల దుకాణం నడిపిన కిషన్ రావుగారు ఫిబ్రవరిలో పోయారు. గుండె. హైదరాబాద్ ఆసుపత్రి నుంచి వచ్చేసరికి పొద్దుపోతోందని శవాన్ని ఇంటికి తేకుండా నేరుగా శ్మశానానికే తీసుకుపోయారట. ఆయన భార్య కళావతి గారు ఇప్పుడు హనుమకొండ ఇంట్లో ఒక్కతే ఉంటుంది. తోడు ఒక లాబ్రడార్. పేరు బాద్షా, తొమ్మిదేళ్లు. ఆ రోజు నుంచి అది తిండి తగ్గిస్తూ వచ్చి, ఇప్పుడు దాదాపు మానేసింది. ముప్పై నాలుగు కిలోల కుక్క ఇరవై ఆరుకు దిగింది.

స్కాన్ తీశాను, ఏమీ లేదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువ, అంటే కిడ్నీలు అలిసిపోతున్నాయి. సెలైన్ పెట్టాను, వాంతులకు సూది వేశాను, ఆకలి మాత్ర ఇచ్చాను. గిన్నె వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. లంఖణం పరమౌషధమని దానికెవరో చెప్పినట్టున్నారు.

నా దగ్గర ఒక పక్క సెలైన్ స్టాండు, ఇంకో పక్క నీ పొట్లాలు ఉంటాయని నా క్లాసువాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ముప్పై నాలుగేళ్లు పశువుల దవాఖానలో కాంపౌండరువై, మా నాన్న మూలికల దుకాణంలో సగం అలమర నింపినవాడివి నువ్వు. "సూది ప్రాణాన్ని నిలబెడతది, ఆకు ప్రాణాన్ని బుజ్జగిస్తది" అని నాకు చెప్పింది నువ్వే. కిడ్నీకి, ఆకలికి పనికొచ్చేది ఏదైనా పంపు. పేరు రాసి పంపు, నా మందులతో కొట్లాడదని చూసుకోవాలి.

నీ వినోద

---

రఘునాథపల్లి,
జూన్ 19

డాక్టరమ్మకు,

ముందు తిట్లు, తర్వాత మందు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, నీకు మాత్రం పెరట్లో చెట్టు కావాలి, పెరటి మనిషి అక్కర్లేదు. హనుమకొండ నుంచి రఘునాథపల్లికి బస్సు ఎక్కితే గంటన్నర. కుక్కకు కడుపు కోసే తీరిక ఉంది గాని కాకకు మొహం చూపించే తీరిక లేదు. మీ చిన్నమ్మ మొగిలమ్మ నా పక్కన కూర్చుని "ఇంకో రెండు తిట్లు రాయి" అంటోంది. రాశాననుకో.

పొట్లంలో ఉన్నది తెల్ల గలిజేరు వేరు పొడి. చిటికెడు శొంఠి కలిపాను. గోరు మీద పట్టినంత, రోజుకు రెండు పూటలు, గోరువెచ్చని నీళ్లలో. వారానికోసారి రక్తం చూసుకో. నా పొట్లం వచ్చింది కదా అని సెలైన్ తీసేశావంటే చెవి మెలేస్తాను. రెండూ నడవాలి.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను, నవ్వకు. కిషన్ రావు పోయాడని ఆ కుక్కకు ఎవరైనా చెప్పారా?

మా దగ్గర ఇంట్లో మనిషి పోతే, పాడె లేవకముందు ఒకరు కొట్టంలోకి పోతారు. ఒక్కో గొడ్డు దగ్గర ఆగి, నెత్తి మీద చెయ్యి వేసి, కుడి చెవిలో చెబుతారు. ఇట్లా ఫలానా మనిషి పోయాడని. మా పెద్దనాన్న పోయినప్పుడు ఏడ్పుల్లో ఒక కోడెకు చెప్పడం మరిచారు. అది రోజూ పొద్దుగూకే వేళ గుంజ దగ్గర నిలబడి మోర ఎత్తి దారి చూసేది. గడ్డి ముట్టలేదు. ఎముకల గూడై, నాలుగో నెలలో పోయింది. ఆ నాలుగు నెలలూ మా పెద్దమ్మకు వాకిట్లో చెప్పుల చప్పుడు వినపడేది. మా నాయన అనేవాడు, ఎదురుచూసే ప్రాణి ఒక్కటి ఉన్నా పోయినవాడు పోలేడని. దారిలోనే నిలబడతాడట. కాళ్లు పీకుతాయట గాని కూర్చోలేడట.

నీ చదువుకు ఇది ఆనదు. అయినా కనుక్కో.

ఇంకో మాట. నా మందుల పుస్తకం నీకివ్వాలి. పోస్టులో వెయ్యను, చేతి నుంచి చేతికే ఇస్తాను. ఈసారి వస్తానని ఒట్టు రాసి పంపకు, మనిషివి రా. మన ఆవు ఈనింది, మంచి లేగ. నువ్వు వచ్చి చూస్తే జున్ను తినే యోగం నీకూ ఉంటుంది.

మీ కాక

---

హనుమకొండ,
జులై 3

కాకాకు,

పొట్లం అందింది. వాంతులు ఆగాయి. క్రియాటినిన్ దిగింది. నా లెక్క ప్రకారం బాద్షా ఈపాటికి గిన్నె నాకాలి. నాకడం లేదు. వారానికి కిలో చొప్పున కరుగుతోంది. ఇట్లాగే పోతే ఆగస్టు చూడదు.

నువ్వడిగింది కనుక్కుందామని నిన్న సాయంత్రం వాళ్లింటికి పోయాను. నవ్వుతూనే పోయానని ఒప్పుకుంటున్నాను. తిరిగొచ్చేటప్పుడు నవ్వలేదు.

కళావతి గారు నన్ను వరండాలో కూర్చోబెట్టింది. కుక్క గచ్చు మీద పక్కకు ఒరిగి పడుకుని ఉంది. ఆరూ నలభైకి దాని చెవులు నిక్కాయి. కిషన్ రావుగారు దుకాణం మూసే పని వేరు కాపురమున్న కొడుక్కి అప్పజెప్పి స్కూటర్ మీద ఇంటికొచ్చే వేళట అది. లేచింది. కాళ్లు వణుకుతున్నా గేటు దాకా పోయి తోక ఊపింది, సన్నగా మూలిగింది. గేటు వేసే ఉంది. వీధిలో ఎవరూ లేరు, నేను చూశాను. తర్వాత వెనక్కి తిరిగి మెల్లగా నడిచింది, ఎడమ పక్కకు కొంచెం వాలి, మనిషి మోకాలికి ఒళ్లు ఆనించి నడిచినట్టు. వచ్చి ఆయన పేము కుర్చీ పక్కన కూర్చుని మెడ పైకెత్తి కళ్లు మూసుకుంది. దాని ఎడమ చెవి తలకు అణిగిపోయింది, పైన చెయ్యి పెట్టినప్పుడు అణిగినట్టు. కాకా, కుక్క చెవి కండరాలు ఎట్లా కదులుతాయో నేను చదువుకున్నాను. ఆ చెవి తనంత తాను అణగలేదు.

కళావతి గారు రెండు కప్పుల చాయ్ తెచ్చింది. ఒకటి నాకిచ్చింది. రెండోది కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టింది.

నేను నీ పద్ధతి చెప్పాను. ఆమె స్టూలు మీది కప్పును కుర్చీ వైపు జరిపింది. తర్వాత అంది, "నాకు ఎరుకనే డాక్టరమ్మా. మా అమ్మగారి ఊర్ల గూడ గొడ్లకు చెప్తరు. నేను కావాల్నని చెప్పలే."

"ఎందుకు?"

"చెప్తే ఆయన రాడు గద. కుక్క బతుకుతది, మంచిదే. మరి నా ఇంటికెవలొస్తరు?"

 ఇంజెక్షన్ వేసి వచ్చేశాను.

ఇంకేం రాయను? పోయిన నెల ఒక శనివారం ఆపరేషన్‌లో ఉండగా తెలియని నంబరు నుంచి నాలుగు సార్లు ఫోన్ వచ్చింది. తిరిగి చెయ్యలేదు. పిల్లి తుమ్మినా ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు ఈ ఊళ్లో. అప్పటి నుంచి మనసు ఎందుకో ఒక చోట నిలవడం లేదు. పోస్టుమాన్ సదానందం ఉత్తరాలు దవాఖాన షట్టరు కింద నుంచి తోసి పోతాడు కదా, సాయంత్రమైతే నా చూపు ఆ సందు మీదే ఉంటోంది. తొందరగా రాయి. శ్రావణంలో తప్పక వస్తాను.

వినోద

---

స్టేషన్ ఘన్‌పూర్

వినోదా,

నీ ఉత్తరం చదివాను. పొట్లం పంపడం లేదు, ఇక పంపలేను. గలిజేరు మీ నాన్న దుకాణం వెనక సందులో దొరుకుతుంది. తెల్ల పువ్వుది చూసి తీసుకో.

నువ్వు రావాల్సిన పని లేదు. నేనే వస్తున్నాను. నడక మెల్లగా సాగుతోంది.

గొంతు నొప్పి పోయింది. మొన్న పొద్దున లేగను పిలిస్తే గొంతు బయటికొచ్చింది. లేగ తల తిప్పి చూసింది. మొగిలమ్మ అక్కడే చాటలో బియ్యం చెరుగుతోంది, ఆమె చూడలేదు. పిలుస్తాను గాని వినేవాళ్లు తక్కువ.

ఆ కుక్కకు జబ్బు లేదు. ఎదురుచూసే ప్రాణి తినదు, అంతే. నాకు కిషన్ రావు మీద జాలిగా ఉంది. రోజూ పిలుపు అందుతుంటే రాకుండా ఎట్లా ఉంటాడు? ఇది నేను ముందు మా నాయన నోట విన్న మాట. ఇప్పుడు నాకే తెలుసు. ఈ రోడ్డు పక్కన అట్లాంటివాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కరూ కూర్చోరు.

ఈ మాట కళావతికి చెప్పు. నువ్వు వేళకు తిను.

సారంగపాణి

---

హనుమకొండ,
జులై 20

కాకాకు,

నీ ఉత్తరం పట్టుకుని దవాఖానలో గంతులేశాను. గొంతు వచ్చిందా! ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక రాదన్నాడు కదా. మరి ఫోన్ చెయ్యవేం? ఎవరి సెల్లైనా తీసుకుని "ఒసేయ్ వినోదా" అని ఒక్కసారి పిలువు, నాకు చాలు. ఘన్‌పూర్‌లో ఏం పని నీకు? చిన్నమ్మ వాళ్ల అక్క ఇంట్లో ఉన్నావా? నడిచి రావడమేమిటి, ఈ వయసులో, ఈ వానల్లో? బస్సెక్కు. కవరు మీద స్టాంపు లేదు, ఎవరి చేతికిచ్చి పంపావో వాళ్లకు నా దండాలు.

నీ ఉత్తరంలో ఒకటి రెండు మాటలు నాకు అర్థం కాలేదు. రెండోసారి చదవలేదు. చదవాలనిపించలేదు.

బాద్షాను దవాఖానలో పెట్టుకున్నాను. ముక్కు గొట్టంతో జావ పోస్తున్నాం, సెలైన్ నడుస్తోంది, నీ గలిజేరూ నడుస్తోంది. ఇరవై మూడు కిలోలు. కళావతి గారు పొద్దునా సాయంత్రం వచ్చి కూర్చుంటుంది. చెప్పమంటే లేచి పోతుంది.

ఇక్కడికి తెచ్చాక ఆరూ నలభైకి అది ఇంటి దారి కోసం వెతుకుతుందనుకున్నాను. వెతకలేదు. బోనులోనే లేచి నిలబడి నా షట్టరు వైపు చూస్తుంది. తోక ఊపదు. తల దించి, చెవులు వెనక్కి వాల్చి, కొత్త పెద్దమనిషి ఎదుట నిలబడ్డట్టు నిలబడుతుంది. దివ్యకు కూడా చూపించాను. దివ్య అంటే నా దగ్గర నాలుగేళ్లుగా చేస్తున్న నర్సు, నాకూ కలిపి అన్నం డబ్బా తెచ్చే మహాతల్లి. తను అటు చూడనే లేదు, నన్ను చూస్తూ అంది: "మేడం, కుక్క సంగతి తర్వాత. మీ డబ్బా మూత తియ్యకుండనే వాపస్ పోతాంది. అద్దంల చూసుకుంటాండ్రా?"

ఆకలి లేదు, అంతే. పైన ఇంట్లో ఒక్కదాన్నే కదా, అక్కడికి పోబుద్ధి కావడం లేదు. సాయంత్రాలు కింద కూర్చుని నీ ఉత్తరం కోసం చూస్తున్నాను.

చెవిలో ఏ మాట చెప్పాలో, ఎవరు చెప్పాలో సరిగ్గా రాయి. ఆమె కాదంటే నేనే చెబుతాను.

వినోద

---

మడికొండ

వినోదా,

నువ్వు చెబితే పనిచెయ్యదు. బువ్వ పెట్టే చెయ్యే చెప్పాలి.

పొద్దుగూకే వేళకు ముందు, కుక్క నెత్తి మీద చెయ్యి వేసి, కుడి చెవి దగ్గర నోరు పెట్టి, పోయిన మనిషి పేరు చెప్పాలి. పోయిండని చెప్పాలి. ఎదురుచూడకని చెప్పాలి. నీ బువ్వ నువ్వు తినమని చెప్పాలి. మూడుసార్లు. తర్వాత ఆ చేత్తోనే ముద్ద పెట్టాలి. ఏడుపు వస్తే రానివ్వాలి గాని మాట మధ్యలో తెగకూడదు.

ఆమె ఒప్పుకోకపోతే ఇది చెప్పు. కుర్చీలో కూర్చున్నాడనుకుంటోంది ఆమె. కూర్చోలేదు. ఎవరూ కూర్చోలేరు.

నువ్వు ఉత్తరం కోసం చూడకు. ఈ మాట కోపంతో రాయడం లేదు బిడ్డా. నువ్వు చూస్తుంటే నేను రాయకుండా ఉండలేకపోతున్నాను.

పుస్తకం సంగతి మొగిలమ్మను అడుగు.

సారంగపాణి

---

హనుమకొండ,
ఆగస్టు 4

కాకాకు,

బాద్షా తిన్నది!

ముందు అది రాసేశాను, ఇప్పుడు వరసగా చెబుతాను. నీ ఉత్తరం కళావతి గారికి చదివి వినిపించాను. కూర్చోలేదు అన్న చోట ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆయనకు మోకాళ్ల నొప్పులుండే బిడ్డా. దుకాణంల పొద్దంత నిలబడుడే. ఇంటికొచ్చి ఆ కుర్చీల కూలబడి కాళ్లు సాపుకుంటే గని పానం కుదుటపడకపోయేది. నేను గదే అనుకున్న. వచ్చి కూసుంటాండు, చాయ్ తాగుతాండు అనుకున్న. ఆర్నెల్లు నిలబెట్టిన్నా ఆయన్ని?"

ఆమె లేచి బోను దగ్గరికి పోయింది. పెరుగన్నం నేనే కలిపి ఇచ్చాను. నెత్తి మీద చెయ్యి వేసి, వంగి, చెవిలో చెప్పింది. "కిషన్ రావు పోయిండు. ఎదురుచూడకు. నీ బువ్వ నువ్వు తిను." మొదటిసారి మామూలుగా చెప్పింది. రెండోసారి ఏడుపు వచ్చింది, అయినా మాట తెగనివ్వలేదు. మూడోసారి చెప్పింది కుక్కకు కాదేమో అనిపించింది.

బాద్షా పెద్ద ఊపిరి వదిలింది. ఆమె అరచేయి వాసన చూసింది. తిన్నది. ఐదు ముద్దలయ్యాక నేనే ఆపాను, ఇన్నాళ్ల పస్తు తర్వాత ఒక్కసారే పెడితే ప్రమాదం. కళావతి గారు అక్కడే నేల మీద కూర్చుని మనసారా ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, దాచడమెందుకు.

అది పదమూడు రోజుల కిందటి మాట. ఇప్పుడు రోజుకు నాలుగు పూటలు తింటోంది. ఆమె ఇన్నాళ్లూ దాచుకున్న అస్థికలు తీసుకుని కాశీకి పోయింది. తిరిగొచ్చేదాకా కుక్క నా దగ్గరే.

ఇప్పుడు నేను రాయకుండా దాటేద్దామనుకున్నది రాస్తున్నాను. బాద్షా ఇంకా ఆరూ నలభైకి లేస్తోంది. కిషన్ రావుగారి కోసం కాదు, ఆ సంగతి దానికి తెలుసు ఇప్పుడు. షట్టరు వైపు చూస్తుంది, తర్వాత నా వైపు చూస్తుంది. మళ్లీ షట్టరు వైపు. మీకోసమే వచ్చారు అని చెప్పినట్టు.

నిన్న సదానందాన్ని ఆపి అడిగాను. "రఘునాథపల్లి నుంచి మీకు జూన్‌ల పొట్లం వచ్చింది మేడం. దాని తర్వాత ఒక్క కార్డు ముక్క రాలే" అన్నాడు. మరి నీ రెండు ఉత్తరాలు ఎవరు తెచ్చారు కాకా? ఘన్‌పూర్ అయింది, మడికొండ అయింది. మడికొండ దాటితే నా ఇల్లే. ఇంత దగ్గరికొచ్చి షట్టరు ఎందుకు కొట్టవు?

చూడకు అన్నావు. చూస్తున్నాను. కోపం తెచ్చుకో, తిట్టు, కాని రాయి.

వినోద

---

రఘునాథపల్లి,
ఆగస్టు 11

బిడ్డ వినోదకు మొగిలమ్మ చిన్నమ్మ రాస్తున్నది. నాకు రాత మంచిగ రాదు, తప్పులుంటె సదురుకో.

మీ కాక జూన్ ఇరవై రెండు శనివారం పొద్దున పోయిండు. నీ పొట్లం పోస్టుల ఏసొచ్చిన మూడొద్దులకు. వాకిట్ల కూసోని శొంఠి దంచుతున్నోడు అట్లనే గోడకు ఒరిగిండు. కష్టపడలే. పక్కింటోళ్ల ఫోన్ల నీకు నాలుగుసార్లు చేయించిన. నువ్వు ఎత్తలే. మా అల్లుడు మళ్ల చెప్పిండనుకున్న, అల్లుడు నేను చెప్పిన్ననుకున్నడు. ఏడుపుల అట్లనే పోయింది బిడ్డా. నన్ను క్షమించు.

నీ ఉత్తరాలు మూడొచ్చినయి. ఆయన పేరు మీదున్నయని విప్పక దేవుని గూట్ల పెట్టిన. మూడోది వచ్చినంక మనసు ఒప్పక మొన్న అన్ని విప్పి సదివిన.

ఆయన నీకు రాసిండని రాసినవు. ఆయన పెన్ను, కాగితాలు పెట్టెల పెట్టి తాళమేసిన. తాళంచెయ్యి నా మెడల ఉన్నది. నీకు రాసిందెవలో నాకు ఎరుక లేదు. ఎరుక లేదంటున్న గని, భయమైతే అయితలేదు.

పాడె లేవకముందు నేనే కొట్టంలకు పోయిన. ఆవుకు చెప్పిన, ఎడ్లకు చెప్పిన. లేగకు చెప్పలే. ఐదొద్దుల పిల్ల, దానికేం తెలుస్తదనుకున్న. అది ఆ దినం సంది పొదుగు సరిగ ముడుతలేదు. పొద్దుమూకంగ మోర ఎత్తి బాట దిక్కు చూసుడే. నీ ఉత్తరాలు సదివినంక పోయి దాని చెవిల చెప్పిన. అదే పూట పాలు తాగింది.

ఇగ మిగిలింది నువ్వొక్కదానివే.

నీకు బువ్వ పెట్టే చెయ్యి అక్కడ ఎవలన్న ఉంటే ఈ కింద మాట నీ కుడి చెవిల చెప్పించుకో. ఉత్తరంల సదివితే సాలదు, చెవిల పడాలె.

సారంగపాణి పోయిండు. ఎదురుచూడకు. నీ బువ్వ నువ్వు తిను.

పుస్తకం నా దగ్గరున్నది. పోస్టుల ఎయ్య. నువ్వే రా.

---

హనుమకొండ,
ఆగస్టు 17

మొగిలమ్మ చిన్నమ్మకు,

క్షమించమని నువ్వు రాయడమేమిటి. ఫోన్ ఎత్తనిది నేను. దసరాకు, ఉగాదికి రానిది నేను. పుస్తకం చేతికిద్దామని ఆ మనిషి పిలుస్తుంటే శ్రావణమని రాసింది నేను. ఆ వేళకే ఆయన లేడు.

నీ ఉత్తరం పద్నాలుగున అందింది. చదివి మడిచి డ్రాయరులో పెట్టాను. దివ్యకు చూపించలేదు. నిజం చెబుతున్నాను చిన్నమ్మా, చెప్పించుకోవాలని లేదు నాకు. చెప్పించుకుంటే ఉత్తరాలు ఆగిపోతాయి. కళావతి గారిని లోలోపల మూర్ఖురాలనుకున్నాను, ఆమెకు నేను క్షమాపణ చెప్పాలి. రెండు సాయంత్రాలు షట్టరు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆరూ నలభైకి బాద్షా లేచేది. నేనూ లేచేదాన్ని. షట్టరు సగం దించి ఉండేది, కింద సందులోంచి అవతలి గచ్చు మెట్టు కనపడేది. అక్కడ ఎవరి పాదాలూ లేవు. కాని వాన పడుతుంటే, ఆ మెట్టు మీద రెండు పాదాలు పట్టేంత చోటు మాత్రం తడవలేదు.

రెండో సాయంత్రం కాగితం వచ్చింది. లోపలికి జారడం కళ్లారా చూశాను. పైన ఊరి పేరు రాసేచోట "హనుమకొండ, నీ షట్టరు బయట" అని ఉంది. కింద ఒకటే వరస.

"కాళ్లు పీకుతున్నాయి బిడ్డా. చెప్పించుకో."

నేను దివ్యను పిలిచాను. నీ ఉత్తరం, ఆ కాగితం రెండూ చేతికిచ్చాను. చదివి, రెండూ మడిచి నా చేతిలో పెట్టింది. వాళ్లది రోజూ జపమాల చెప్పుకునే ఇల్లు. "మా దాంట్ల గిట్ల చెప్పరు మేడం. అయినా చెప్త" అని సిలువ గుర్తు వేసుకుని, నా నెత్తి మీద చెయ్యి పెట్టి, చెవి దగ్గరికి వంగింది. మూడుసార్లు చెప్పింది. ఆయన పేరు ఆమె నోట విన్నప్పుడు నాకు తెలిసింది, ఇన్నాళ్లూ లోపల ఒక మూల నాకు తెలుస్తూనే ఉందని. బయట మెట్టు మీద, అప్పటిదాకా తడవని చోట, వాన చినుకులు పడిన చప్పుడైంది. బాద్షా తల దించి, రెండు చుట్లు తిరిగి పడుకుంది.

దివ్య డబ్బా మూత తీసింది. పప్పుచారు, అన్నం. చేత్తో కలిపి ముద్ద పెట్టింది. మొదటిది దిగలేదు. రెండోది దిగింది. డబ్బా ఖాళీ చేశాను.

ఆ ఉత్తరాలు నా దగ్గరే ఉన్నాయి. మడతలు అట్లాగే ఉన్నాయి. నిన్న విప్పితే మూడు కాగితాల మీదా ఏమీ లేదు. శొంఠి వాసన మాత్రం ఉంది.

బాద్షా నిన్న ఇంటికి పోయింది. ఇరవై ఐదున, ఆదివారం పొద్దున మొదటి బస్సుకు నేను వస్తున్నాను. లేగను చూస్తాను, పుస్తకం తీసుకుంటాను, ఆయన ఒరిగిన గోడ దగ్గర కాసేపు కూర్చుంటాను. నా కోసం బాట దిక్కు చూస్తూ నిలబడకు చిన్నమ్మా. నీ బువ్వ నువ్వు తిని ఉండు. నేనే వచ్చి తలుపు తడతాను.

వినోద